కట్టెలు మింగే పొయ్యి



కట్టెల పొయ్యికి పొగగొట్టం పెడితే ఇంట్లో పొగ తగ్గుతుంది. కళ్లమంట తగ్గుతుంది. గోడలు అంతగా మసిబారవు. ఇది మనకు తెలిసిన సంగతే.

కాని కొన్ని ఇళ్లల్లో ఇంకో మాట కూడా వినిపిస్తుంది.

"పొగ పోయింది, బాగానే ఉంది. కట్టెలే నిలవడం లేదు. మోపు తెచ్చి పడేస్తే ఇట్టే ఐపోతోంది. మంట చూస్తే భగభగమంటుంది. గిన్నె చూస్తే కాగదు."

ఇలా విసిగిపోయి కొందరు గొట్టంలో గుడ్డలు కుక్కుతారు. కొందరు గొట్టాన్నే పీకి అవతల పడేస్తారు. అప్పుడేమౌతుంది? పోయిన పొగ మళ్లీ ఇంట్లోకే వస్తుంది.

కట్టెలు మిగలాలంటే పొగ మింగాలా? పొగ పోవాలంటే కట్టెలు పోగొట్టుకోవాలా?

రెండూ అక్కరలేదు. గొట్టం గాలిని లాగుతుంది. ఆ లాగుడు ఎక్కువైతే తగ్గించాలి. అంతేగాని గొట్టాన్ని తీసెయ్యకూడదు. ఎలా తగ్గించాలో ఈ పాఠంలో చదువుదాం.

కట్టెల పొయ్యి ఇంకా ఉంది

ఇప్పుడు చాలా ఇళ్లకు గ్యాసు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలైంది. 2016లో దేశమంతటికీ ఉజ్వల పథకం వచ్చింది. ఈ పథకాల కింద పేద ఇళ్ల ఆడవాళ్ల పేరున గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు.

ఐనా కట్టెల పొయ్యి ఆరిపోలేదు. సిలిండరు ఐపోతే కట్టెలే దిక్కు. స్నానాలకు నీళ్లు కాచాలన్నా, పదిమందికి వండాలన్నా చాలాచోట్ల కట్టెల పొయ్యే వెలిగిస్తారు. కట్టెలు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. మోసేదీ వాళ్లే. పొయ్యి ముందు కూర్చుని పొగ మింగేదీ వాళ్లే. కాబట్టి పొయ్యి సంగతి ఆడవాళ్లకు బాగా తెలియాలి.

ఊదుగొట్టం, పొగగొట్టం

ఊదుగొట్టం అందరికీ తెలుసు. నోటితో ఊదితే గాలి నిప్పు మీదికి పోతుంది. మంట లేస్తుంది. ఊదుగొట్టం గాలిని నెడుతుంది.

పొగగొట్టం పని వేరు. అది గాలిని లాగుతుంది. ఎలా లాగుతుంది?

వేడిగాలి తేలిక. చల్లగాలి బరువు. తేలికైనది పైకి పోతుంది. పొయ్యిలో మంట పెట్టగానే గొట్టంలో గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పొగను వెంటబెట్టుకుని పైకి పోతుంది. అది ఖాళీ చేసిన చోటికి పొయ్యి నోట్లోంచి కొత్త గాలి వస్తుంది. ఆ గాలి తగిలి కట్టెలు మండుతాయి. మంట లేస్తే గొట్టం ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు ఇంకా గట్టిగా లాగుతుంది.

గొట్టం ఎంత పొడుగుంటే అంత గట్టిగా లాగుతుంది. లోపలి గాలి ఎంత వేడిగా ఉంటే అంత గట్టిగా లాగుతుంది. బయట చల్లగా ఉన్నా లాగుడు పెరుగుతుంది. అందుకే చలికాలం తెల్లవారుజామున, గొట్టం ఒకసారి వేడెక్కాక, మంట చాలా జోరుగా ఉంటుంది. గొట్టం కొస మీదుగా ఈదరగాలి వీచినప్పుడు కూడా లాగుడు ఎక్కువౌతుంది.

లాగుడు ఎక్కువైతే నష్టం ఏమిటి?

చేనికి నీళ్లు పెట్టడం మీకు తెలుసు. చేను బాగా వాలుగా ఉంటే నీరు గబగబా దిగువకు పారిపోతుంది. భూమి తడవదు. ఎంత నీరు పెట్టినా మొక్కకు అందదు. అందుకే గట్టు వేస్తాం. నీరు నిలుస్తుంది. భూమి తాగుతుంది.

పొయ్యిలో వేడి కూడా అంతే. అది గిన్నె కింద కాసేపు తిరగాలి. గిన్నె అడుగును నాకుతూ పోవాలి. లాగుడు ఎక్కువైతే వేడి ఆగదు. గిన్నెను తాకీ తాకకుండా గొట్టంలోకి పారిపోతుంది. అంటే మన కట్టెల వేడి ఆకాశానికి పోతుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. లాగుడు ఎక్కువైతే అవసరానికి మించి చల్లగాలి లోపలికి వస్తుంది. అది మంటలో కలిసి వేడిని చల్లారుస్తుంది. కట్టె గబగబా కాలుతుంది. గిన్నె మాత్రం నెమ్మదిగా కాగుతుంది.

మూడో సంగతి ప్రమాదం. జోరుగా లాగే గొట్టంలోంచి నిప్పురవ్వలు పైకి ఎగురుతాయి. తాటాకు కప్పు మీద, బోద కప్పు మీద, పక్కనున్న గడ్డివాము మీద పడితే ఇల్లు కాలిపోవచ్చు. గొట్టం లోపల పేరుకున్న మసి కూడా అంటుకోవచ్చు.

ఎలా గుర్తుపట్టాలి?

ఈ గుర్తులు చూడండి.

1. పొయ్యిలోంచి గుయ్యిమని హోరు వినిపిస్తుంది.
2. మంట గిన్నె అడుగుకు లేవదు. పక్కకు పడుకుని గొట్టం వైపు సాగుతుంది.
3. రెండు గిన్నెల పొయ్యిలో ముందు గిన్నె కన్నా వెనక గిన్నె ముందు కాగుతుంది.
4. గొట్టం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి కొడుతుంది.
5. రాత్రిపూట గొట్టం కొస నుంచి నిప్పురవ్వలు కనిపిస్తాయి.

వీటిలో రెండు మూడు కనిపించాయంటే లాగుడు ఎక్కువగా ఉన్నట్టే.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఒక అగరువత్తి వెలిగించండి. మంట బాగా అంటుకున్నాక పొయ్యి నోటి ముందు పట్టుకోండి. అగరువత్తి పొగ మెల్లగా లోపలికి పోతే లాగుడు సరిగా ఉంది. విసురుగా లోపలికి దూకితే ఎక్కువగా ఉంది. లోపలికి పోకుండా మీ ముఖం మీదికి వస్తే లాగుడు చాలడం లేదు.

అదే అగరువత్తిని గిన్నె అంచు చుట్టూ తిప్పండి. ఎక్కడ పొగ లోపలికి పోతుందో అక్కడ సందు ఉన్నట్టు. ఆ సందులోంచి చల్లగాలి దూరి వేడిని చంపుతోంది.

ముందు ఖర్చులేని పనులు

ఒకటి. కట్టెలు తక్కువ పెట్టండి. ఎండిన కట్టెలు, సన్నగా చీల్చినవి, రెండు మూడు చాలు. కాలేకొద్దీ లోపలికి జరపండి. ఒకేసారి నిండా కుక్కితే మంట పెరుగుతుంది. గొట్టం వేడెక్కుతుంది. లాగుడు పెరుగుతుంది. అది మళ్లీ మంటను పెంచుతుంది.

రెండు. పొయ్యి నోరు మరీ పెద్దగా ఉంటే తగ్గించండి. నోటి పక్కన ఒక ఇటుక నిలబెట్టండి. పుల్లలు పట్టాలి. కాస్త గాలి ఆడాలి. అంత ఖాళీ చాలు. నోరు పూర్తిగా మూయకూడదు. గాలి లేకపోతే కట్టె మండదు, పొగలుతుంది.

మూడు. గిన్నె పొయ్యి గుంటలో బిగువుగా కూర్చోవాలి. గుంట పెద్దదై గిన్నె చిన్నదైతే చుట్టూ మెత్తని మట్టి పూసి సరిచేయండి. ఇంట్లో రోజూ వాడే గిన్నెకు తగ్గట్టు గుంట ఉండాలి.

నాలుగు. రెండో గుంట ఖాళీగా వదలకండి. కూర వండేది లేకపోతే నీళ్ల గిన్నె పెట్టండి. వేడి వృథా పోదు. స్నానానికి వేణ్ణీళ్లు వస్తాయి.

ఈ నాలుగు పనులు చేసి రెండు రోజులు చూడండి. కొన్ని ఇళ్లల్లో ఇంతటితోనే సరిపోతుంది. అప్పటికీ మంట పడుకునే ఉంటే గొట్టానికి అడ్డరేకు పెట్టాలి.

అడ్డరేకు అంటే ఏమిటి?

గొట్టంలో అడ్డంగా జరిపే రేకును అడ్డరేకు అందాం. లోపలికి తోస్తే దారి ఇరుకౌతుంది. లాగుడు తగ్గుతుంది. బయటికి లాగితే దారి తెరుచుకుంటుంది. లాగుడు పెరుగుతుంది. చేలో మడవ తిప్పినట్టే. నీరు ఎంత కావాలంటే అంత వదులుతాం కదా. ఇక్కడ గాలి వదులుతాం.

ఇది కొత్త సంగతి కాదు. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగలేని మట్టిపొయ్యి తయారుచేశారు. 1953లో దాని గురించి పుస్తకం కూడా వచ్చింది. ఆ పొయ్యికి గొట్టంతో పాటు అడ్డరేకు కూడా ఉంది.

తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002 దాకా అది నడిచింది. దేశంలో ఎన్నో ఊళ్లల్లో పొయ్యిలు కట్టారు. కాని చాలాచోట్ల కొన్నాళ్లకే జనం వాటిని వదిలేశారు. పొయ్యి కట్టడం ఒక్కటే చాలదు. దాన్ని వాడే మనిషికి దాని పని తెలియాలి. పాడైతే బాగుచేసుకోవడమూ తెలియాలి.

అడ్డరేకు ఎలా పెట్టాలి?

పాత నూనెడబ్బా రేకు చాలు. గొట్టం మొదట్లో, గొట్టాన్ని నిలబెట్టిన మట్టిదిమ్మెలో ఒక సన్నని సందు వదలాలి. ఆ సందులోంచి రేకు లోపలికీ బయటికీ జరగాలి. బయటికి ఉండే కొసను పిడిలా వంచాలి. అది వేడెక్కుతుంది. గుడ్డతోనో కట్టెపుల్లతోనో జరపాలి.

ఒక్క విషయం మరవకండి. రేకు ముందు అంచు మధ్యలో రెండు వేళ్లు దూరేంత ముక్క కత్తిరించి తీసెయ్యాలి. అప్పుడు రేకును పూర్తిగా తోసినా గొట్టం పూర్తిగా మూసుకోదు. విషగాలి పోవడానికి ఆ సందు ఉండి తీరాలి.

పొయ్యి కట్టిన మేస్త్రీ దొరికితే అతనితోనే పెట్టించండి. మీ ఇంటి గొట్టం ఆస్బెస్టాస్ సిమెంటుదైతే దాన్ని రంపంతో కోయవద్దు. పగలగొట్టవద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడుపు చేస్తుంది. సందు మట్టిదిమ్మెలోనే చేయించండి.

కొందరు లాగుడు తగ్గాలని గొట్టాన్ని పొట్టి చేస్తారు. అది తప్పు. గొట్టం కొస ఇంటి కప్పుకన్నా పైకి ఉండాలి. కిందికి ఉంటే గాలి కొట్టినప్పుడు పొగ వెనక్కి వస్తుంది. నిప్పురవ్వలు కప్పు మీదే పడతాయి.

రెండు గిన్నెల పొయ్యిలో ఇంకో పని కూడా చేయవచ్చు. వెనక గిన్నె కింద పొగదారిలో మట్టితో చిన్న మిట్ట కట్టాలి. మంట ఆ మిట్టను తాకి పైకి లేస్తుంది. గిన్నె అడుగుకు తగులుతుంది. మిట్టకూ గిన్నెకూ మధ్య సుమారు రెండు వేళ్ల సందు ఉంచాలి. పొగ వెనక్కి వస్తే మిట్టను కొంచెం చెక్కెయ్యాలి.

అత్తా కోడళ్ల మాటలు

అడ్డరేకును ఎలా వాడాలో ఒక అత్త కోడలికి ఇలా చెప్తోంది.

"అత్తమ్మా! రేకు మూసి నిప్పు పెట్టాను. ఇల్లంతా పొగ ఐపోయింది."

"అమ్మాయ్, నిప్పు పెట్టేటప్పుడు రేకు పూర్తిగా తెరిచి ఉండాలి. గొట్టం అప్పుడు చల్లగా ఉంటుంది. సరిగా లాగదు. ముందు గుప్పెడు ఎండుగడ్డి వెలిగించు. గొట్టం వేడెక్కుతుంది. తర్వాత పుల్లలు పెట్టు."

"మంట అంటుకుంది. ఇప్పుడు మూయనా?"

"ఒక్కసారిగా తొయ్యకు. కొంచెం కొంచెం తొయ్యి. మంటకేసి చూస్తూ ఉండు. పడుకున్న మంట లేచి గిన్నెకు తగిలిందా, అక్కడ ఆపు."

"సగం దాకా తోశాను. పొయ్యి నోట్లోంచి పొగ వస్తోంది అత్తమ్మా!"

"ఐతే ఎక్కువైంది. ఒక వేలు వెనక్కి లాగు. పొగ రాకూడదు, మంట పడుకోకూడదు. ఆ రెంటికీ మధ్య చోటు చూసుకో. దొరికాక రేకు మీద మసితో ఒక గీత పెట్టు. రేపు వెతుక్కోనక్కరలేదు."

"ఎసరు మరిగింది. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇంక పెద్ద మంట ఎందుకు? ఒక కట్టె బయటికి తీసి ఆర్పు. మిగిలినదాంతో అన్నం ఉడుకుతుంది. కొత్త కట్టె పెట్టినప్పుడల్లా రేకు కాస్త తెరువు. అంటుకున్నాక మళ్లీ జరుపు."

"వంట ఐపోయాక మూసెయ్యనా? నిప్పులు రాత్రిదాకా ఉంటాయి కదా?"

"ఆ పని మాత్రం చెయ్యకు. నిప్పులు ఉన్నంతసేపూ రేకు తెరిచే ఉండాలి."

నిప్పులు ఉండగా ఎందుకు మూయకూడదు?

మంట ఆరినా నిప్పులు ఊరికే ఉండవు. వాటినుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషగాలి వస్తుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. పొగలా కంటికి కనిపించదు. గొట్టం మూస్తే అది ఇంట్లోనే నిలిచిపోతుంది.

ఆ గాలి పీలిస్తే తలనొప్పి వస్తుంది. తల తిరుగుతుంది. వాంతి వస్తుంది. మనిషి స్పృహ తప్పుతుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే చనిపోవచ్చు. చలికాలంలో తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు చనిపోవడం ఇందువల్లనే.

ఎవరికైనా ఇలా ఐతే వెంటనే తలుపులు, కిటికీలు తెరవండి. మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

కంటికి కనిపించే పొగ కూడా తక్కువది కాదు. ఏళ్ల తరబడి పొగ పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. కంట్లో శుక్లాలు వస్తాయి. గర్భిణీలు పీలిస్తే పుట్టే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. పసిపిల్లలకు నిమ్ము చేస్తుంది. నాలుగు కట్టెలు మిగులుతాయని గొట్టం మూసుకుంటే వచ్చే నష్టం ఇది.

గొట్టం శుభ్రం

గొట్టంలో మసి పేరుకుంటే లాగుడు తగ్గుతుంది. "ఎక్కువ లాగుతోంది కదా, మసి ఉంటే మంచిదేలే" అనుకోకూడదు. మసి అంటుకుంటే గొట్టంలోనే మంట లేస్తుంది. పొయ్యి చల్లారాక పొడుగు కర్రకు గోనెగుడ్డ కట్టి మసి దులపండి. రోజూ వండేవాళ్లు నెలకొకసారైనా ఈ పని చేయాలి. దులిపేటప్పుడు ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకోండి. పొగదారిలో బూడిద కూడా తీసెయ్యండి.

కట్టెలు నిజంగా మిగిలాయా?

ఎవరో చెప్తే నమ్మనక్కరలేదు. మీకు చదువు వచ్చింది. లెక్క వచ్చింది. మీరే తూచి చూడండి.

5 కిలోల ఎండు కట్టెలు తూచి పక్కన పెట్టండి. అడ్డరేకు పూర్తిగా తెరిచి వంట చేయండి. వంట ఐపోయాక మిగిలిన కట్టెలు తూచండి. మర్నాడు మళ్లీ 5 కిలోలు తూచండి. అదే రకం కట్టెలు, అదే గిన్నె, అన్నే బియ్యం, అన్నే నీళ్లు ఉండాలి. ఈసారి రేకు మసిగీత దాకా తోసి వండండి. మళ్లీ తూచండి.

ఉదాహరణకు ఇలా రాసుకోండి.

రేకు తెరిచిన రోజు: తూచినవి 5 కిలోలు. మిగిలినవి 2 కిలోలు. కాలినవి 3 కిలోలు.

రేకు తోసిన రోజు: తూచినవి 5 కిలోలు. మిగిలినవి రెండున్నర కిలోలు. కాలినవి రెండున్నర కిలోలు.

తేడా అర కిలో. అర కిలో అంటే చిన్న మాటలా ఉంటుంది. కాని పూటకు అర కిలో మిగిలితే, రోజుకు ఒక్క పూట వండినా, 30 రోజులకు 15 కిలోలు. తలమీద మోసేదానికి ఆ 15 కిలోల బరువు తెలుసు.

మీ ఇంట్లో అంకె వేరుగా రావచ్చు. ఒక్క రోజు చూసి తేల్చకండి. రేకు తెరిచి మూడు రోజులు, తోసి మూడు రోజులు చూడండి. వంటకు పట్టిన సమయం కూడా రాసుకోండి.

గుర్తుంచుకోండి

నిప్పు పెట్టేటప్పుడు రేకు తెరవాలి.
మంట అంటుకున్నాక మెల్లగా తొయ్యాలి.
పొగ వస్తే వెంటనే వెనక్కి లాగాలి.
నిప్పులు ఉండగా మూయకూడదు.
గొట్టాన్ని ఎప్పుడూ పీకెయ్యకూడదు.

మాట్లాడుకోండి

1. మీ వీధిలో పొగగొట్టం ఉన్న పొయ్యిలు ఎన్ని? వాటిలో వాడుతున్నవి ఎన్ని? వాడనివి ఎందుకు వదిలేశారు?
2. మీ ఇంటి పొయ్యిలో మంట లేస్తోందా, పడుకుంటోందా? ఈ రాత్రి వండేటప్పుడు చూడండి.
3. వారానికి ఎన్ని మోపులు తెస్తున్నారు? ఒక్కో మోపుకు ఎంతసేపు పడుతోంది? పలక మీద రాసి లెక్క కట్టండి.
4. మీ ఊళ్లో పొయ్యి కట్టడం తెలిసినవాళ్లు ఎవరు? వాళ్లను ఒక సాయంత్రం కేంద్రానికి పిలవండి. అడ్డరేకు ఎలా పెట్టాలో అందరి ముందూ చేసి చూపించమని అడగండి.